గుడి గుమ్మం బయట

సుచియాతి గుడి మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

నెత్తిన పళ్ళూ, బియ్యప్పిండి అప్పాలూ గోపురంలా పేర్చిన నైవేద్యం. నడుముకి పసుపు పట్టీ. లోపల గమేలాన్ వాయిద్యం మొదలైపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు గుమ్మం దాటుతున్నారు. సుచియాతికి మాత్రం కాలు ముందుకి సాగడం లేదు.

పొద్దున్నుంచీ పొత్తికడుపులో సన్నగా నొప్పి. ఇంటి దగ్గర రెండుసార్లు పెరట్లోకి వెళ్ళి చూసుకుంది. ఏమీ లేదు. అయినా మనసు ఊరుకుంటుందా? అదేనా? కాదా?

జకార్తాలో డాక్టరమ్మ చెప్పిన మాట ఇంకా చెవుల్లో గింగురుమంటోంది.

"మంచులో దాచింది లోపల పెట్టేశాం. అది బతికిందో లేదో ఇక నీ ఒళ్ళే చెబుతుంది. ఓపిక పట్టమ్మా."

ఓపికట! చెప్పేవాళ్ళదేం పోయింది? బాలి తిరిగొచ్చిన రోజు నుంచీ అత్తగారు పొద్దున్నే కాఫీ గ్లాసు అందిస్తూ కళ్ళతోనే అడుగుతుంది. సుచియాతి తల అడ్డంగా ఊపుతుంది. మొగుడు పైకి ఒక్క మాటా అనడు గానీ, పక్కింటి పాపని ఎత్తుకున్నాడంటే ఓ పట్టాన దింపడు.

"ఏంటే, దిష్టిబొమ్మలా అక్కడే నిలబడ్డావ్?" మెట్ల మీంచి తోటికోడలు రస్మిని కేకేసింది. "నాలుగేళ్ళుగా ఒక్క ఉత్సవం తప్పనిదానివి, ఇవాళేమైంది?"

"నువ్వు పద అక్కా, వచ్చేస్తున్నా."

రస్మిని అటు తిరగగానే నైవేద్యాన్ని పిట్టగోడ మీద దించి, కాఫీ కొట్టు వెనకున్న బాత్రూమ్‌లోకి పరుగెత్తింది.

చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఇక సందేహం లేదు. గోడకి చేరగిలబడి, అరచేత్తో నోరు మూసుకుని ఏడ్చింది.

తిరిగి వచ్చేసరికి గుమ్మంలో అత్తగారు.

"ఎక్కడికి పోయావే? పూజారి తీర్థం చల్లేస్తున్నాడు. రా, రా!"

"నేను లోపలికి రాకూడదత్తయ్యా."

మెట్ల మీదున్న ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు. ముట్టయిన మనిషి ఆ గుమ్మం తొక్కకూడదని అక్కడ చిన్నపిల్లకి కూడా తెలుసు. అత్తగారు ఉన్నపళంగా మెట్టు మీద చతికిలబడింది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

రస్మిని గబగబా దిగివచ్చి సుచియాతి భుజం నిమిరింది. "ఊరుకోవే పిచ్చిదానా. ఈసారి నిలవకపోతేనేం? వచ్చే నెల నిలుస్తుంది."

"నీ నోటికి తాళం వెయ్యవే!" అత్తగారు ఏడుస్తూనే కసిరి, కోడల్ని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. "ముందే తీసి మంచులో దాచిపెట్టిన అండాశయం ముక్క బతికింది, క్యాన్సర్ మందులకి నాలుగేళ్ళ కిందట ఆగిపోయిన ముట్టు మా పిల్లకి ఇవాళ తిరిగొచ్చింది!"