స్టూలు మీది దిండు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. అత్త, ఆడపడుచు, బాలింత, నెల ముందే పుట్టేసిన తొమ్మిది రోజుల పాప.

ఇంతమంది ఉన్నా, పాప నిద్రపోతే లోపలి గదిలో బాలింతని పలకరించేది ఫ్యాను ఒక్కటే.

వీధి తలుపు చప్పుడైంది.

“ఎవరూ?” అంది అత్త.

“మాత్రల ఫ్యాక్టరీ నుంచండీ. మీ కోడలి సంతకం కావాలి. సెలవు ఫారం మీద.”

కొత్త గొంతు. బాలింత మంచం మీద లేచి కూర్చుంది.

“నువ్వేం చేస్తావక్కడ?” ఆడపడుచు ఆరా తీసింది.

“ప్యాకింగండీ. ఆవిడ వచ్చేదాకా ఆవిడ చోట్లో.”

“ఓహో! మా వదిన స్టూలెక్కి కూర్చున్న మహాతల్లివి నువ్వేనా?”

“ఆవిడ దిండు మాసిపోతుందని తీసి మేకుకి తగిలించాను. ఆవిడకి చెప్పండి.”

లోపల బాలింతకి ఆ మాట వినపడింది. తను కడుపుతో ఉన్నప్పుడు నడుం నొప్పికి కుట్టుకున్న దిండు. అదీ తీసేశారన్నమాట! కొత్తామె చెయ్యి నీకన్నా చురుకని తోటి పనామె ఫోన్లో చెప్పనే చెప్పింది.

“సంతకం పెట్టించుకుని, పని మానేసిందని రాసుకుంటారు. మాకామాత్రం తెలీదనుకున్నావా?” అంది అత్త.

“అయ్యో, కాదు పిన్నిగారూ. పాప పుట్టిన పది రోజుల్లోపు ఇది అందాలి. రేపే ఆఖరు. అందితే సెలవు నెలలు కూడా బీమా కట్టినట్టే లెక్క. లేకపోతే గైర్హాజరు వేస్తారు. ప్రసూతి డబ్బు రాదు, ఉద్యోగమూ ఉండదు. ఆవిణ్ణే చదువుకోమనండి.”

“కడుపు కొట్టడానికొచ్చి ఎంత తియ్యగా మాట్లాడుతోందో!” అంది ఆడపడుచు.

“ఏమంటావే అమ్మాయ్?” అత్త లోపలికి కేకేసింది.

మంచం నుంచి గుమ్మానికి నాలుగడుగులు.

“వద్దత్తయ్యా. పొమ్మనండి,” అంది బాలింత.

తలుపు పడింది.

కిటికీలోంచి చూస్తే ఆమె ఇంకా అక్కడే ఉంది. కాగితం నలగకుండా మడత పెట్టుకుంటోంది.

నాలుగు నెలలయ్యాక, పాపని అత్తకి అప్పజెప్పి ఫ్యాక్టరీకి వెళ్ళింది.

గుమాస్తా గుమ్మంలోనే ఆపేశాడు. రిజిస్టరు తిప్పి చూపించాడు. పదకొండో రోజు నుంచి గైర్హాజరు. నెల తిరిగేసరికి పేరు మీద ఎర్ర గీత.

“మరి నా ప్రసూతి డబ్బు?”

“ఎలా వస్తుందమ్మా? ఫారం రాలేదు. బీమా మధ్యలో తెగిపోయింది.”

“మీరు పంపినామె నాకు సరిగ్గా చెప్పలేదండీ,” అంది. చెబుతుంటే తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

“మేమెవర్నీ పంపలేదే!”

అతని భుజం మీదుగా ప్యాకింగ్ గది కనిపిస్తోంది. ఆ రోజు వచ్చినామె ఉత్త స్టూలు మీద కూర్చుని, తల వంచుకుని మాత్రల పెట్టెలు అంటిస్తోంది. దిండు ఇంకా మేకుకే వేలాడుతోంది.

“సగం రోజు జీతం పోగొట్టుకుని తనంతట తనే వచ్చింది. నీ సంతకం పడకపోతే ఆ ఉద్యోగం తనకే ఖాయమని ముందురోజే చెప్పాం, అయినా వినలేదమ్మా,” అంటూ గుమాస్తా తలుపు వేసేశాడు.