చెప్పని కబురు

"చెబెట్ ఫోను మోగడం లేదు. అందుకే నీకు చేశాను. ఆమెకొక మాట చెప్తావా?"

అవతల సిర్పా. ఫిన్లాండ్‌లోని యొయెన్సూ ఊరి చివర ఉన్న వృద్ధాశ్రమం ఆమె చేతుల్లోనే నడుస్తుంది. కెన్యా నుంచి వచ్చి ఒకే ఇంట్లో ఉంటున్న మొరా, చెబెట్ నర్సింగు చదువులో భాగంగా చలికాలమంతా ఆమె దగ్గరే పని నేర్చుకున్నారు.

"దాని ఫోను చెరువులో పడిపోయిందండీ," అంది మొరా. "ఆవిరిస్నానం చేసి, చెరువు మంచుకు కొట్టిన కన్నంలో మునగాలని సరదాపడి పోయింది."

సిర్పా నవ్వింది. "అయితే పూర్తిగా మా ఊరిదైపోయిందన్నమాట. సరే, శుక్రవారం కాదు, రేపు పొద్దున్నే రమ్మను. బుధవారం దాటితే నేను ఊళ్లో ఉండను. మర్చిపోకు."

"చెప్తాను."

స్నానాలగదిలో చెబెట్ గొంతెత్తి పాడుకుంటోంది. తలుపు తట్టబోయిన మొరా చెయ్యి గాల్లోనే ఆగింది. ముందురోజు తన ఇంటర్వ్యూలో ఫిన్నిష్ మాటలు ఒక్కటీ సరిగ్గా నోట్లోంచి రాలేదు. ఇక చెబెట్ వంతు. ఆమె అయితే అదే భాషలో ముసలివాళ్లను కడుపుబ్బ నవ్విస్తుంది. చదువు ఈ నెలతో అయిపోతోంది. ఉద్యోగం దొరకని వాళ్లు కెన్యా విమానం ఎక్కాల్సిందే. ఆశ్రమంలో ఖాళీ ఒక్కటేనని తోటి విద్యార్థులందరూ అంటున్నారు.

చెబెట్ తల తుడుచుకుంటూ వచ్చింది. "ఎవరే ఫోన్లో?"

"మా అమ్మ."

"నన్నడిగిందా?"

"ఊఁ. అడిగింది."

మర్నాడు సాయంత్రం సిర్పా మళ్లీ చేసింది. మొరా ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లి తలుపు మూసుకుంది.

"చెప్పానండీ," అంది. "దానికి ఇంటికి వెళ్లిపోవాలని ఉన్నట్టుంది."

"అలాగా," అంది సిర్పా. అంతకుమించి తరిచి అడగలేదు.

శుక్రవారం చెబెట్ తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని హుషారుగా వెళ్లింది. వెళ్లినంత సేపు పట్టలేదు, తిరిగొచ్చింది. బూట్లయినా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది.

"బుధవారమే రమ్మన్నారట. రాలేదు కాబట్టి అయిపోయిందని ముందుగదిలో ఆవిడ చెప్పింది. సిర్పా లేదు." ముక్కు తుడుచుకుని నవ్వబోయింది. "నా ఫోనుకే చేసుంటారు. పాపం, చేపలు ఎత్తి మాట్లాడుంటాయి."

మొరా టీ పెట్టే నెపంతో వంటింట్లోకి తప్పుకుంది.

"సిర్పా వచ్చాక వెళ్లి బతిమాలుకోనా?" అని అడిగింది చెబెట్ వెనకనుంచి.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. మొరా వాటివంకే చూస్తూ, "బతిమాలితే ఇక్కడివాళ్లకు నచ్చదే," అంది.

ఆ తర్వాత ఉద్యోగం మొరాకే వచ్చింది. ఆ కబురు విని చెబెట్ ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పింది. ఆ రోజు వంటంతా తనే చేసింది. మొక్కజొన్నపిండితో ఉగాలి ముద్ద గట్టిగా కలిపి, "నీ జీతమొచ్చాక ఇంతకన్నా మంచి విందు పెట్టాలి, గుర్తుంచుకో," అంది. మొరా ముద్దను పళ్లెంలోనే అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది.

స్టేషన్లో రైలెక్కే ముందు చెబెట్ తన మందపాటి కోటు విప్పి మొరా భుజాల మీద కప్పింది.

"మా ఎల్డొరెట్‌లో ఇదేసుకుంటే పిచ్చిదాన్ననుకుంటారు. నువ్వుంచుకో. ఏడవకే. ఒక్కరికైనా దొరికింది కదా."

"చెబెట్, ఆ మంగళవారం..."

"ఏంటే?"

రైలు తలుపుల దగ్గర ఎర్రదీపం వెలిగింది.

"ఏం లేదు. చేరగానే ఫోన్ చెయ్యి."

కోటు ఇంకా చెబెట్ ఒంటి వేడితోనే ఉంది. రైలు కనుమరుగయ్యేదాకా మొరా దాన్ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుని నిలబడింది.

ఉద్యోగంలో చేరిన రోజు సిర్పా ఆమెను వెంటబెట్టుకుని గదులన్నీ చూపించింది.

"ఈ వరుసా, అవతలి వరుసా, రెండూ నువ్వొక్కదానివే చూసుకోవాలి. కష్టమే. రెండో మనిషిని తీసుకునే గడువు దాటిపోయింది, ఇక పైవాళ్లు ఒప్పుకోరు."

మొరా నడక ఆగిపోయింది. "రెండో మనిషా?"

"మీ ఇద్దరూ కావాలని నేనే పోట్లాడి రెండు ఉద్యోగాలు తెచ్చాను," అంది సిర్పా. "ఆ బుధవారం చెబెట్‌కు ఇంటర్వ్యూ ఏమీ లేదు. వచ్చి సంతకం పెట్టి వెళ్తే చాలు."