ఆదాం ముసుగు

“మీ ఆదాం బొమ్మల పుస్తకంలో వీరుడిలా మొహానికి ముసుగు కట్టుకొని గెంతాడు. మిషను బెల్టు ఆ గుడ్డను పట్టి లాగేసింది. చావుకు మిల్లుది తప్పు కాదని వేలిముద్ర వెయ్యి, ఖాదర్‌బీ,” అన్నాడు పత్తిమిల్లు మేస్త్రీ.

నా కొడుక్కి ఆ కథల పిచ్చి ఉన్నమాట నిజమే. జనాన్ని కాపాడేవాళ్లంతా మొహం దాచుకుంటారమ్మా అని చెప్పేవాడు.

కాగితం చింపి మేస్త్రీ మొహాన కొట్టాను.

“అది వేషమట్రా? మీ దూదిదుమ్ము మింగి నెత్తురు పడేట్టు దగ్గుతుంటే కట్టిన గుడ్డరా! మొహం దాచుకోవాల్సింది నువ్వురా!”



నా కోపం అక్కడితో ఆగలేదు. పనిలో ఊడిపోకూడదని, ఆ పొద్దున గుడ్డకు రెండు ముళ్లు బిగించింది నేనే.