నవ్వించిన వార్త

మలయాలో జపానువాళ్లతో యుద్ధం జరుగుతున్న రోజులవి. గురజాలలో ఆ వీధి మొత్తానికి రేడియో ఉన్నది రాఘవయ్య ఇంట్లోనే. సాయంత్రమయ్యేసరికి అరుగు నిండా జనం చేరేవారు. లండన్ ఏమంది, బెర్లిన్ ఏమంది, టోక్యో ఏమంది అని ఆయన మూడు దేశాల వార్తలూ విని, పోల్చి చెప్పేవాడు. ఎక్కువ నవ్వులు టోక్యో వార్తకే.

ఒకరోజు ఆయన అన్నాడు: "మలయాలో మన పటాలం ఒకటి చివరి మనిషిదాకా పోరాడిందని లండనోళ్లు అంటున్నారు. టోక్యోవాళ్లేమో, ఆ సిపాయిలందర్నీ పట్టుకుని అన్నం పెడుతున్నామంటున్నారు. అల్లుళ్లు గదా మరి!"

అరుగంతా విరగబడి నవ్వింది.

జనం వెళ్లిపోయాక మెట్టు మీద నుంచి జైనాబీ లేచింది. దూది ఏకే ఇంటి ముసలామె. రేడియో వింతకే రోజూ వస్తోందనుకున్నాడు రాఘవయ్య.

"నాయనా, మావోడు మలయా పటాలంలో ఉండాడు. చానా దినాలుగా కబురు లేదు. ఏ దేశపోళ్ల మాట నిజం?"

రాఘవయ్య ధైర్యం చెబుదామనుకుని, "లండనోళ్లదే నిజం అమ్మా. మనోళ్లు గట్టిగా పోరాడారు" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చివరి మనిషిదాకా అంటే ఏందో నాకు తెలుసులే. ఆ అన్నం పెడతన్నామన్న మాట మళ్లీ చెప్పు. నవ్వకుండా చెప్పు నాయనా."

ఆమె ముఖంలోకి చూడలేక, రాఘవయ్య నేల చూస్తూ చెప్పాడు.