న కింద బ ఒత్తు

ఫిబ్రవరి పన్నెండు, బుధవారం. ఆ మధ్యాహ్నం సౌజన్య గోంగూర పచ్చడి, పెరుగన్నం తిన్నది. ఆమెకు అన్నీ గుర్తున్నాయి.

డబ్బా కడుగుతుంటే ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగింది. వస్తూనే దగ్గు.

"మంచినీళ్లు ఇమ్మంటారా బాబాయ్‌గారూ?"

"వద్దమ్మా. ఆసుపత్రి తెర కింద మీ ఆఫీసు అడ్రసుంది. అందుకని వచ్చాను."

ఆ తెర వాళ్లదే. ఎవరైనా వాడుకోమని, సరిదిద్దమని తెరిచి ఉంచిన బ్రౌజరు కోడు తీసుకుని, ఆసుపత్రులకు తగ్గట్టు దాన్ని మార్చే ప్యాచ్‌లు రాయడం సౌజన్య, గోపాలకృష్ణల ఉద్యోగం. రోగి తెర మీద పేరు కొడితే టోకెను వస్తుంది.

"మా ఇంటావిడకు డయాలసిస్. పొద్దున పేరు కొడితే, ఆ పేరుతో ఎవరూ లేరంది. వెనక్కి పంపేశారు."

"కౌంటర్లో అడగలేదా?"

"తెర ఒప్పుకోకపోతే మేమేం చేస్తాం అన్నారు."

జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పైన జైతున్‌బీ అని ఉంది. కింద జైతున్బీ అని ఉంది.

"పైది ఆవిడ కార్డు మీద పేరు. కిందది మీ తెర చూపించే పేరు. న కింద బ ఒత్తు పడింది, చూశారా?"

గోపాలకృష్ణ కుర్చీ ఇటు తిప్పాడు.

"రెండూ ఒకటే కదా సాయిబుగారూ! ఎట్లా రాసినా పిలిస్తే పలుకుతారుగా ఆవిడ?"

పెద్దాయన కూడా నవ్వాడు.

"నేను పిలిస్తే పలుకుతుంది బాబూ. మీ మిషనే పలకట్లేదు. ఆ రెండక్షరాల మధ్య కనబడని అడ్డం ఒకటి ఉండాలి. మొన్నటిదాకా ఉండేది. ఎవరో తీసేశారు."

"కనబడనిది ఉందని మీకెట్లా కనబడింది?"

పెద్దాయన గోపాలకృష్ణ కుర్చీ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చోనిస్తే చూపిస్తాను."

"అమ్మో, లోపలంతా కోడండీ. చెయ్యి పెడితే పాడైపోద్ది."

పెద్దాయన తన చేతివంక చూసుకుని, దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

సౌజన్య ఫిర్యాదు కాగితం ఇచ్చింది.

"పేరు, అడ్రసు రాసివ్వండి. సోమవారం చూస్తాం."

"శుక్రవారం మళ్లీ ఆవిడ వంతమ్మా."

"వరసలో చాలా ఉన్నాయి బాబాయ్‌గారూ."

గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు. మొహిద్దీన్ బాషా, రిటైర్డ్ ప్రెస్సు కంపోజిటర్, పొన్నూరు రోడ్డు.

ఆ ఆఫీసు తలుపు లాగి కొడితే గానీ పడదు. ఆయన మాత్రం కాస్త పైకెత్తి, చప్పుడు లేకుండా వేసి వెళ్లాడు.

సోమవారం పొద్దున్నుంచీ వెతికింది సౌజన్య. అదే పేరు కొట్టడం, లేదనడం. మళ్లీ కొట్టడం. కోడులో ఎక్కడ ఆపి చూసినా పేరు సరిగ్గానే ఉన్నట్టుంది.

మూడింటికి తెరకు దగ్గరగా వంగింది.

న కింద బ ఒత్తు.

పోయిన నెల ఫోన్లలో కొట్టిన పేర్ల మధ్య కనబడని అక్షరాలేవో చేరుతుంటే, చెత్త అనుకుని అన్నిటినీ ఊడ్చే ప్యాచ్ రాసింది. తెలుగు పేర్లలో ఒత్తు పడకుండా ఆపే అక్షరాన్ని ముట్టుకోవద్దని అసలు కోడులో ఒక లైను అడ్డం వచ్చింది. తీసేసింది.

పోయిన మంగళవారమే ఆ ప్యాచ్ ఆసుపత్రి తెరల్లోకి వెళ్లింది. ఆ అడ్డం తీసింది తనే.

ఫిర్యాదు కాగితం పట్టుకుని, బండి తీసింది.

పొన్నూరు రోడ్డు వెనక సందులో ఆ ఇంటి ముందు చాలా చెప్పులున్నాయి. మొహిద్దీన్ బాషా అరుగు మీదే ఉన్నాడు.

"దొరికింది బాబాయ్‌గారూ. రేపటికల్లా..."

"కూర్చో అమ్మా."

ఆమె కూర్చోలేదు.

"శనివారం పోయింది," అన్నాడాయన.

సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

"శుక్రవారం కూడా తెర పలకలేదు. సాయంత్రానికి నర్సమ్మ చూడలేక, చేత్తో పేరు రాసుకుని లోపలికి తీసుకెళ్లింది. న్ విడిగా, బీ విడిగా ఎంత చక్కగా రాసిందో! మంచి పిల్ల. కానీ అప్పటికే ఒళ్లంతా నీరు పట్టేసింది."

"ఆ లైను తీసేసింది నేనే బాబాయ్‌గారూ."

ఆయన ఆమె చేతిలోని ఫిర్యాదు కాగితం వంక చూశాడు.

"మళ్లీ పెడతావుగా?"

"పెడతాను."

"ఈ రోజే పెట్టమ్మా. మా వీధిలో మస్తాన్‌బీ ఉంది. రేపు ఆవిడ వంతు."

లోపలి నుంచి ఎవరో పిలిచారు. ఆయన లేచి వెళ్లాడు.

ఆమె ఆఫీసుకు తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. గోపాలకృష్ణ సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"దొరికిందా?"

ఆమె తల ఊపింది. లైను తిరిగి పెట్టి, పేరు కొట్టి చూసింది. జైతున్‌బీ. ఈసారి తెర పలికింది.

ఎవరో అంత ఆలోచించి పెట్టిన లైను అది. ఆమె దాని చరిత్ర తెరిచింది. ఎవరు రాశారో, ఎందుకు రాశారో అక్కడ ఉంటుంది.

పద్నాలుగేళ్ల కిందట రాసిన లైను.

కారణం: నా భార్య పేరులో లేని ఒత్తు పడుతోంది.

రాసినవారు: మొహిద్దీన్ బాషా, గుంటూరు.

సౌజన్య తెరను గోపాలకృష్ణ వైపు తిప్పింది. అతను రెండుసార్లు చదివాడు.

ఇద్దరూ బయటికొచ్చాక గోపాలకృష్ణ రోజూలా తలుపు లాగి కొట్టబోయి, ఆగి, కాస్త పైకెత్తి, చప్పుడు లేకుండా మూశాడు.