పైన రంగు లేని విమానాలు

"ఇమానం తోలేవోడికి పిల్లనివ్వను. ఎప్పుడు రాలిపోతాడో ఎవుడికి తెలుసు?"

బరంపురంలో సన్యాసిరావు ఈ మాట తెగేసి చెప్పాక కూడా, కూర్మారావు మానం అభిమానం చంపుకుని ఆ ఊళ్ళో రైలు దిగాడు. చంకలో అట్టపెట్టె. పెట్టెలో యుద్ధవిమానం. కంగారు పడకండి, జానెడు పొడుగుదే. తను నడిపే మిగ్ విమానం ఎలా ఉంటుందో అచ్చం అలాంటి ప్లాస్టిక్ కిట్టు కలకత్తాలో కొని, ఇచ్ఛాపురంలో ఇంటిదగ్గర సెలవంతా కూర్చుని ముక్కముక్కా అతికించి రంగులేశాడు.

ఈ ఉపాయం పెళ్ళికూతురు వాసవీకుమారిదే. ఆమె కూర్మారావు చెల్లెలితో కలిసి చదువుకుంది. అలా ఆమెకీ కూర్మారావుకీ ఒకరంటే ఒకరికి ఇష్టం కుదిరింది. వాళ్ళ నాన్నదీ ఫౌజేననీ, సర్వీసంతా విమానాలతోనే గడిచిందనీ, రిటైరయ్యాక ఆ బొమ్మలే లోకమైపోయాయనీ ఆమె చెప్పింది. ఒకటి పట్టుకొస్తే మెత్తబడతాడేమో చూద్దామంది. ఆయన కాదంటే మాత్రం తను గడప దాటి రానని కూడా అప్పుడే చెప్పేసింది.

ఇంట్లో అడుగుపెట్టిన కూర్మారావు తల పైకెత్తి అలాగే నిలబడిపోయాడు.

ముందుగది కప్పునిండా విమానాలే. దూలాలకు దారాలు కట్టి వేలాడదీశాడు పెద్దాయన. మనవీ ఉన్నాయి, పరాయి దేశాలవీ ఉన్నాయి. ఒక్కొక్కదాని పొట్ట చూస్తే కళ్ళు తిప్పుకోలేం. రెక్కల కింద గుర్తులు, చక్రాల తలుపుల గీతలు, ఆఖరికి పొగ మరకలతో సహా దిద్దాడు.

ఉండబట్టలేక స్టూలెక్కి చూశాడు కూర్మారావు. వీపులన్నీ బోడిగా ఉన్నాయి. పైలట్ కూర్చునే చోట ఉత్త గుంట.

"పైన రంగెయ్యలేదేం మావయ్యగారూ?" అన్నాడు, వరస ముందే కలిపేసి.

"ఆ పక్కతో నాకేటి పని బాబూ," అన్నాడు సన్యాసిరావు.

కూర్మారావుకు విషయం బోధపడింది. ఈయన మెకానిక్కు! ఏళ్ళ తరబడి విమానం కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగించిన మనిషి. ఏ నట్టు ఎప్పుడు ఊడుతుందో తెలుసు గనకే పిల్లనివ్వడానికి జంకుతున్నాడు. పాపం, ఆ భయంలో తప్పేముంది?

జాలిపడుతూనే పెట్టె విప్పి విమానం చేతికిచ్చాడు. అందులో బియ్యపుగింజంత పైలట్‌ని కూర్చోబెట్టి, సూదిమొనతో మీసం కూడా దిద్దాడు. సన్యాసిరావు ఆ మీసంకేసి కన్నెత్తయినా చూడలేదు. విమానాన్ని బోర్లా తిప్పి పొట్ట చూశాడు, తిరిగి ఇచ్చేశాడు.

"ఆ కిటికీయే గోపాల్‌పూర్ సముద్రవనుకో. నానీ మూల కూకుంతాను. అక్కణ్ణుంచి దీన్ని పట్టుకుని నా మీదికి రా."

వంటింటి గుమ్మంలో అత్తగారు మహాలక్ష్మమ్మ చెన్నపోడ మిఠాయి పళ్ళెంతో నిలబడి ఉంది. ఆమె భుజం మీదుగా వాసవి తొంగి చూస్తోంది. ఎవరు చూస్తే ఏం, తప్పుతుందా? కూర్మారావు బొమ్మని పైకెత్తి పట్టుకుని గదికి అడ్డంగా నడిచొచ్చాడు. సన్యాసిరావు నుదుటికి చెయ్యడ్డం పెట్టుకుని చూసి తల ఆడించాడు.

"లాభం నేదు. మళ్ళీ రా."

ఈసారి మంచమెక్కి ఎత్తునుంచి దిగుతూ వచ్చాడు. లాభం నేదు. రెక్క వాల్చి వచ్చాడు. ఊహూఁ. వచ్చిన ప్రతిసారీ పెద్దాయన ముఖం మరింత నల్లబడుతోంది. రెక్కలు వంకరగా అతికించి చచ్చానా అని కూర్మారావు అనుమానం. గుమ్మంలో వాసవి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి కూర్మారావుకు నిజంగా భయమేసింది. ఆకాశంలో ఎన్నడూ ఎరగని భయం.

"అలాక్కాదు బాబూ. బొమ్మని మోసినట్టు మొయ్యకు. లోపల నువ్వే ఉంటే ఎలాగొస్తావో, అలాగ రా."

కూర్మారావుకు పౌరుషం వచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. సాయంత్రపు ఎండ గదిలోకి ఏటవాలుగా కొడుతోంది. దాన్ని వెనకేసుకుని ఒక్కసారిగా నేలమీద బోర్లా పడ్డాడు. పెళ్ళికి వెయ్యి అబద్ధాలాడమన్నారు గానీ ఇస్త్రీ ప్యాంటుతో పాకమని పెద్దలెవరూ చెప్పలేదు. అయినా పాకాడు. మంచం కింద దూరాడు, బియ్యం బస్తా చాటుకు పోయాడు, బీరువా పక్కన మలుపు తిరిగాడు. సన్యాసిరావు ఎండకి కళ్ళు చికిలించుకుని అటూ ఇటూ వెతుకుతున్నాడు. అంతలో ఆయన మోకాలి దగ్గర తేలిన మిగ్, చెవి పక్కనుంచి రివ్వుమని దూసుకుపోయింది.

వాసవికి కళ్ళనీళ్ళతోనే నవ్వొచ్చింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. పిడికిలి విప్పి, ఇప్పుడే ఊపిరందినవాడిలా నిట్టూర్చాడు. భార్యకేసి తిరిగి, పంతులుగారికి కబురెట్టమన్నాడు, ముహూర్తం చూడాలన్నాడు.

కూర్మారావు నేలమీంచి లేవడం కూడా మరిచిపోయాడు. బొమ్మ అంతగా నచ్చిందా మావయ్యగారూ అని అడిగాడు.

"ముప్పయ్యేళ్ళు ఇమానాల్ని కూల్చే ఫిరంగి కాడ కూకున్నోణ్ణి బాబూ, నా గురికి నువ్వు అందనేదు."