అవతలి దేశం కుర్చీ

“దొడ్డన్నం వండినవేంది?” పొద్దున్నే కంచం పక్కకు నెట్టాడు గౌరమ్మ మొగుడు.

“సన్నబియ్యం అయిపోయినయ్.”

“అయిపోయినయా, మీ అక్కింటికి పోయినయా?”

“అవతలి దేశం వచ్చే నెల ఇస్తది. అందాక ఇవతలి దేశం తిను.”

అతను తినకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

చంద్రపూర్ జిల్లా కొసన, గుట్టల్లో ఉన్న ఆ ఊరు మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ అంటాయి. ఊరివాళ్లు వాటిని దేశాలనే అంటారు: మరాఠీది ఇవతలి దేశం, తెలుగుది అవతలి దేశం. ఇంటికి రెండు రేషన్ కార్డులు. మనిషికి రెండు ఓట్లు. ఊరికి ఇద్దరు సర్పంచులు. మరాఠీ బడికీ తెలుగు బడికీ నడుమ గోడ ఒక్కటే.

ఆ రోజు ఇవతలి పంచాయతీ సభ. గౌరమ్మ అక్క కాంతమ్మ దరఖాస్తు పట్టుకుని నిలబడింది. భర్త లేని మనిషి. వానకు గోడ కూలి, రెండేళ్లుగా తాడ్‌పత్రి పరదా కింద కాపురం. ఇల్లు మంజూరు కావడానికి సర్పంచు సంతకం ఒక్కటే తక్కువ.

సర్పంచు ఆ కాగితాన్ని నిలువునా చించాడు.

“పోయినసారి నాకు ఓటెయ్యలే. పో, అవతలి దేశంల అడుక్కో. రేపటిసంది ఆడ సుత నా మాటనే నడుస్తది.”

ఉత్త బెదిరింపు కాదది. అవతలి సర్పంచు పదవి ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. తన మనిషి సారయ్య పెళ్లాన్ని అందులో కూర్చోబెట్టాలని, ఇంకెవరూ నామినేషన్ వేయకుండా సర్పంచు ఇల్లిల్లూ తిరిగి భయపెట్టాడు. రేపే ఆఖరు రోజు.

గౌరమ్మ లేచింది. “సంతకం నీదైతే కాగితం ఆమెది. చింపనీకె నువ్వెవరు?”

“ఆడోళ్లు పొయ్యికాడ మాట్లాడాలె, సభల కాదు. కూసో!”

జనం గొల్లున నవ్వారు. కాంతమ్మ వంగి కాగితం ముక్కలు ఏరుకుంటోంది.

గౌరమ్మ కూర్చోలేదు. సర్పంచు అంటే గిట్టని ఎల్లన్న ఇంటికి నేరుగా వెళ్లి ఫారం నింపించింది. బలపరుస్తూ సంతకం పెట్టమంది.

“కొంప అంటుకుంటది. సోచాయించుకో బిడ్డా.”

“అంటుకోవాల్నే మామా.”

మధ్యాహ్నం అత్త, కొడుకు దత్తు అన్నాలకు కూర్చున్నారు. పొద్దున అలిగిన మొగుడూ వచ్చి పీట వాల్చుకున్నాడు. గౌరమ్మ వడ్డిస్తూ చెప్పింది.

“రేపు అవతలి సర్పంచుకు నామినేషన్ ఏస్తున్న. గెలిచిన్నాడు మొదటి సంతకం అక్క ఇంటికి. రెండోది, ఇవతలి సర్పంచు కబ్జా పెట్టిన తెలుగు బడి జాగ ఖాళీ చేయించే నోటీసు మీద.”

అత్త చేతిలో ముద్ద ఆగిపోయింది.

“విన్నవా సర్పంచూ?” అంటూ గౌరమ్మ వంగి మొగుడి కంచంలో పప్పు పోసింది.